ఫ్లాస్క్ యాప్‌ను కంటైనర్‌లో పెట్టి క్లౌడ్ రన్‌లో నడపడం ఎలా

మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచే వెబ్ యాప్ ఒకటి ఉంది. ట్యూషన్ సెంటర్ ఫీజుల లెక్క చూసి, తల్లిదండ్రులకు తెలుగులో పీడీఎఫ్ రసీదు ఇచ్చే యాప్ అనుకుందాం. ముందు పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే ఫ్లాస్క్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. దాన్ని కంటైనర్‌గా (యాప్, దానికి కావలసిన లైబ్రరీలు అన్నీ ఒకే మూటగా) కట్టి గూగుల్ క్లౌడ్ రన్ మీదికి ఎక్కించి అందరికీ అందుబాటులోకి తేవాలి. క్లౌడ్ రన్‌లో సర్వర్‌ను మీరు చూసుకోనక్కర్లేదు. ఎవరూ వాడని వేళ కంటైనర్ల సంఖ్య సున్నాకు దిగుతుంది, రద్దీ పెరిగితే దానంతటదే పెరుగుతుంది. ఇంత చిన్న యాప్‌కు కుబెర్నెటీస్ (చాలా కంటైనర్లను నడిపే పెద్ద వ్యవస్థ) పెట్టుకుంటే యాప్ కన్నా దాని సంరక్షణకే ఎక్కువ సమయం పోతుంది.

డిప్లాయ్ చేయడం, అంటే యాప్‌ను క్లౌడ్‌లోకి ఎక్కించడం, నిజానికి ఒక్క కమాండ్. అసలు పని అంతకు ముందే ఉంది. మీ కంటైనర్ ఎప్పుడైనా పుట్టవచ్చు, ఎప్పుడైనా పోవచ్చు, ఒకేసారి పది కాపీలు నడవవచ్చు. ఈ మూడింటికీ తట్టుకునేలా యాప్‌ను మార్చకపోతే, డిప్లాయ్ సజావుగా పూర్తయినా యాప్ వారం తిరగకుండా మొరాయిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ సన్నాహమే ఉంటుంది. కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాశాం, టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వాడండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

బిల్లింగ్ జతచేసిన గూగుల్ క్లౌడ్ ప్రాజెక్ట్ ఒకటి, మీ మెషీన్‌లో డాకర్ (కంటైనర్లను కట్టి నడిపే సాధనం), జీక్లౌడ్ కమాండ్ ఉండాలి. ప్రాజెక్ట్‌లో నాలుగు ఏపీఐలు ఆన్ చేయండి: క్లౌడ్ రన్ అడ్మిన్, ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీ, సీక్రెట్ మేనేజర్, క్లౌడ్ ఎస్‌క్యూఎల్ అడ్మిన్.

బిల్లింగ్ పేజీలో బడ్జెట్ అలర్ట్ ఇప్పుడే పెట్టేయండి. అయితే అది మెయిల్ మాత్రమే పంపుతుంది, ఖర్చును ఆపదు. ఖర్చు పరుగెత్తకుండా ఆపేది డిప్లాయ్ చేసేటప్పుడు మీరు పెట్టే గరిష్ఠ ఇన్‌స్టాన్స్‌ల (నడుస్తున్న కంటైనర్ కాపీల) పరిమితి.

రీజియన్‌గా ముంబయిని ఎంచుకోండి, దాని పేరు ఏషియా-సౌత్1. గూగుల్‌కు ఢిల్లీలో ఏషియా-సౌత్2 కూడా ఉంది కానీ ఆంధ్ర, తెలంగాణల్లోని వాడుకరులకు ముంబయే దగ్గర. ఏది ఎంచుకున్నా డేటాబేస్, యాప్, ఇమేజ్ రిజిస్ట్రీ (కంటైనర్‌కు అచ్చులాంటి ఇమేజ్‌ను దాచే చోటు) మూడూ ఒకే రీజియన్‌లో ఉండాలి. యాప్ ముంబయిలో, డేటాబేస్ అమెరికాలో ఉంటే ఒక్కో క్వెరీకి సముద్రాలు దాటి వెళ్లిరావాలి. పది క్వెరీలున్న పేజీ కళ్లముందే నత్తనడక నడుస్తుంది.

యాప్‌ను మార్చడం

మొదట పోర్ట్. ఏ పోర్ట్‌లో వినాలో క్లౌడ్ రన్ పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా చెబుతుంది, మామూలుగా అది 8080. యాప్ 127.0.0.1 మీద వింటే బయటి రిక్వెస్ట్ దాన్ని చేరదు, 0.0.0.0 మీద వినాలి. ఫ్లాస్క్‌తో వచ్చే డెవలప్‌మెంట్ సర్వర్‌ను వాడకండి, అసలు వాడకానికి తగిన గూనికార్న్ సర్వర్ పెట్టండి.

తర్వాత ఫ్లాస్క్ సీక్రెట్ కీ. లాగిన్ కుకీల మీద ఫ్లాస్క్ సంతకం చేసేది దీనితోనే. యాప్ మొదలైనప్పుడల్లా ర్యాండమ్‌గా కీ పుట్టించే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది. ఒకే మెషీన్‌లో అది పనిచేస్తుంది. ఇక్కడ ఒక్కో ఇన్‌స్టాన్స్‌కు ఒక్కో కీ వస్తుంది, ఒకటి సంతకం చేసిన కుకీని మరొకటి తిరస్కరిస్తుంది. వాడుకరి లాగిన్ అవుతాడు, రెండో క్లిక్‌కే మళ్లీ లాగిన్ పేజీ వస్తుంది. కీ ఒక్కటే ఉండాలి, బయటి నుంచి రావాలి.

ఫైళ్లు. కంటైనర్‌లోపల మీరు రాసే ప్రతి ఫైలూ మెమరీలోనే కూర్చుంటుంది. రసీదుల పీడీఎఫ్‌లను టెంప్ ఫోల్డర్‌లో రాసి తుడవకపోతే మెమరీ నిండి ఇన్‌స్టాన్స్ చచ్చిపోతుంది, దానితో పాటు ఫైళ్లూ పోతాయి. దాచవలసినవన్నీ క్లౌడ్ స్టోరేజ్ బకెట్‌కు పంపండి. రసీదును కోరినప్పుడల్లా డేటాబేస్ నుంచి మళ్లీ తయారుచేయగలిగితే అసలు దాచే పనే లేదు. మా ఓటు దానికే.

జవాబు పంపేశాక వెనక థ్రెడ్‌లో మెయిల్ పంపే అలవాటు ఉంటే మానుకోండి. రిక్వెస్ట్‌ల లెక్కన బిల్లు కట్టే పద్ధతిలో, ఏ రిక్వెస్టూ నడవని సమయంలో సీపీయూ దాదాపు ఆగిపోతుంది. మెయిల్ సగంలో నిలిచి, ఎప్పుడో తర్వాతి రిక్వెస్ట్ వచ్చినప్పుడు కదులుతుంది, లేదా పోతుంది. అలాంటి పనులను క్లౌడ్ టాస్క్స్‌కు అప్పగించండి.

హెచ్‌టీటీపీఎస్‌ను క్లౌడ్ రన్ బయటే విప్పేసి లోపలికి మామూలు హెచ్‌టీటీపీగా పంపుతుంది. అందువల్ల ఫ్లాస్క్ పూర్తి లింకులు కట్టినప్పుడు హెచ్‌టీటీపీతో కడుతుంది, గూగుల్ లాగిన్ వంటివి రీడైరెక్ట్ అడ్రస్ సరిపోలలేదని మొరాయిస్తాయి. ఫ్లాస్క్ లోపల వాడే వర్క్‌జోగ్ (Werkzeug) లైబ్రరీలో ఉన్న ప్రాక్సీఫిక్స్‌తో, ఎక్స్-ఫర్ 1, ఎక్స్-ప్రోటో 1 విలువలిచ్చి యాప్‌ను చుట్టండి.

టైమ్. కంటైనర్ గడియారం యూటీసీలో నడుస్తుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ‘నేటి వసూళ్లు’ అనే పేజీని సర్వర్ తేదీతో లెక్కిస్తే, పొద్దున ఐదున్నరకు ముందు కట్టిన ఫీజులన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. డేటాబేస్‌లో యూటీసీనే ఉంచండి, చూపించేటప్పుడూ రోజు హద్దులు లెక్కించేటప్పుడూ ఏషియా/కోల్‌కతా జోన్‌కు మార్చండి.

లాగ్‌లకు ఫైలు వద్దు. తెరమీదికి ప్రింట్ చేస్తే చాలు, క్లౌడ్ లాగింగ్ పట్టుకుంటుంది.

డాకర్‌ఫైల్

ఇమేజ్‌ను ఎలా కట్టాలో డాకర్‌కు చెప్పే ఫైలు ఇది. బేస్ ఇమేజ్‌గా పైథాన్ 3.12-స్లిమ్ తీసుకోండి. సైజు తగ్గుతుందని ఆల్పైన్ జోలికి పోవద్దు. దాని సీ లైబ్రరీ వేరు కాబట్టి కొన్ని ప్యాకేజీలకు సిద్ధంగా కట్టిన ఫైళ్లు దొరకవు, అక్కడికక్కడే కంపైల్ చేయాల్సి వస్తుంది. మిగిలిన కొన్ని మెగాబైట్ల కోసం బిల్డ్ సమయమంతా పోతుంది.

లైన్ల వరుస ఇలా ఉండాలి. పైథాన్‌అన్‌బఫర్డ్ వేరియబుల్‌ను 1 చేయండి, లేకపోతే క్రాష్ అయినప్పుడు చివరి లాగ్ లైన్లు బఫర్‌లోనే పోతాయి, సరిగ్గా మీకు కావలసినవి అవే. వర్క్‌డిర్ /యాప్. తర్వాత రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఒక్కదాన్నే కాపీ చేసి పిప్ ఇన్‌స్టాల్ నడపండి, నో-క్యాష్-డిర్ ఆప్షన్‌తో. ఆ తర్వాతే మిగతా కోడ్‌ను కాపీ చేయండి. డాకర్ ఒక్కో లైన్‌ను ఒక్కో పొరగా దాచుకుంటుంది. ఏదైనా పొర మారితే దాని తర్వాతివన్నీ మళ్లీ కడుతుంది. కోడ్‌ను ముందే కాపీ చేస్తే టెంప్లేట్‌లో ఒక్క అక్షరం మార్చినా లైబ్రరీలన్నీ మళ్లీ దిగుతాయి.

చివర్లో యూజర్‌యాడ్‌తో మామూలు యూజర్‌ను సృష్టించి, యూజర్ లైన్‌తో అతని పేరు మీదే యాప్ నడిచేలా చేయండి. ఆఖరి సీఎండీ లైన్ ఇది: ఎగ్జెక్ గూనికార్న్, బైండ్ 0.0.0.0:$పోర్ట్, వర్కర్స్ 1, థ్రెడ్స్ 8, టైమ్‌అవుట్ 0, మెయిన్:యాప్. మొదట్లో ఉన్న ‘ఎగ్జెక్’ను వదిలేయకండి. పోర్ట్ విలువను విప్పడానికి ఈ లైన్‌ను షెల్ నడుపుతుంది. ఎగ్జెక్ లేకపోతే షెల్లే ప్రధాన ప్రాసెస్‌గా మిగిలిపోయి, ఆపే సమయంలో వచ్చే సిగ్‌టర్మ్ సంకేతం గూనికార్న్‌కు అందకపోవచ్చు. క్లౌడ్ రన్ ఆ సంకేతం ఇచ్చాక 10 సెకన్లు ఆగి బలవంతంగా చంపేస్తుంది. సంకేతం అందితే గూనికార్న్ చేతిలో ఉన్న రిక్వెస్ట్‌ను ముగించి దిగుతుంది, అందకపోతే ఫీజు కడుతున్న మనిషికి మధ్యలో ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు తెలుగు పీడీఎఫ్. స్లిమ్ ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ ఒక్కటీ లేదు. మీ ల్యాప్‌టాప్‌లో అందంగా వచ్చిన రసీదు క్లౌడ్‌లో వరుసగా ఖాళీ డబ్బాలై వస్తుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైలును ప్రాజెక్ట్‌లోనే పెట్టి సీఎస్ఎస్‌లో ఫాంట్-ఫేస్‌తో చూపించండి. లేదా డెబియన్ ప్యాకేజీ ఫాంట్స్-నోటో-కోర్ ఇన్‌స్టాల్ చేయండి, కానీ అది లోకంలోని లిపులెన్నింటినో మోసుకొస్తుంది, ఇమేజ్ బరువెక్కుతుంది. ఫాంట్ ఒక్కటే చాలదు. వత్తులు, గుణింతాలు సరిగ్గా అతకాలంటే అక్షరాలను కూర్చే ఇంజిన్ కావాలి. హెచ్‌టీఎంఎల్‌ను పీడీఎఫ్‌గా మార్చే వీజీప్రింట్ ఆ పనికి పాంగోను, దాని ద్వారా హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది, కాబట్టి పాంగో లైబ్రరీలను యాప్ట్-గెట్‌తో ఇన్‌స్టాల్ చేసే లైన్ డాకర్‌ఫైల్‌లో ఉండాలి. ఆ కూర్పు లేని లైబ్రరీతో చేస్తే ‘లక్ష్మి’ అన్న పేరు విడివిడి ముక్కలుగా పడుతుంది. రసీదు మీద మనిషి పేరు తప్పుపడటం చిన్న విషయం కాదు, పైకి పంపేముందు క్ష, జ్ఞ, స్త్రీ, ర్త్య లాంటి కఠినమైన అక్షరాలతో ఒక రసీదు తీసి చూడండి.

డాకర్‌ఇగ్నోర్ ఫైలులో గిట్ ఫోల్డర్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్, పైక్యాష్, మరీ ముఖ్యంగా డాట్ ఎన్వ్ ఫైలు రాయండి. పాస్‌వర్డ్ ఒకసారి ఏదైనా పొరలోకి పోయిందంటే తర్వాతి లైన్‌లో తుడిచినా ముందరి పొరలో అలాగే ఉంటుంది. ఇమేజ్ దొరికిన ఎవరైనా తీసి చదవగలరు. అలా జరిగితే ఇమేజ్ చెరపడంతో ఆగకండి, పాస్‌వర్డే మార్చండి.

కట్టి, ఇంట్లోనే పరీక్షించడం

డాకర్ బిల్డ్ కమాండ్‌కు ప్లాట్‌ఫామ్ లినక్స్/ఏఎండీ64 అని తప్పక ఇవ్వండి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లలో డాకర్ మామూలుగా ఆర్మ్ ఇమేజ్ కడుతుంది. క్లౌడ్ రన్‌లో అది మొదలే కాదు, లాగ్‌లో ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని ఒక్క లైన్ వస్తుంది. మెషీన్ నెమ్మదిదైతే జీక్లౌడ్ బిల్డ్స్ సబ్‌మిట్ వాడండి, బిల్డ్ క్లౌడ్‌లోనే జరుగుతుంది.

తర్వాత డాకర్ రన్‌తో నడపండి: పోర్ట్ వేరియబుల్ 8080, హైఫన్-పీ 8080:8080, ఇంకా మెమరీ 512ఎం. ఈ చివరి ఆప్షన్‌ను చాలామంది పెట్టరు. క్లౌడ్ రన్ మామూలుగా ఇచ్చేది 512 మెగాబైట్లే. మీ 16 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆ ఇబ్బంది ఎప్పటికీ కనబడదు. ఈ పరిమితిలో ఒకేసారి నాలుగైదు రసీదులు తీసి చూడండి. కంటైనర్ పడిపోతే 1 జీబీ కావాలని ఇక్కడే తేలిపోతుంది.

రిజిస్ట్రీకి పంపడం

ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీలో డాకర్ రకం రిపోజిటరీ ఒకటి ముంబయిలో సృష్టించండి. పాత ట్యుటోరియల్స్‌లో జీసీఆర్ డాట్ ఐఓ అని కనిపించే కంటైనర్ రిజిస్ట్రీ మూతపడింది, దాని వెంట పడకండి. జీక్లౌడ్ ఆథ్ కాన్ఫిగర్-డాకర్ కమాండ్‌కు ఏషియా-సౌత్1-డాకర్ డాట్ పీకేజీ డాట్ డెవ్ అనే పేరు ఇవ్వాలి. అది ఇవ్వకుండా పుష్ చేస్తే అనుమతి లేదనే ఎర్రర్ వస్తుంది. ఇమేజ్ పేరులో వరుసగా ఆ హోస్ట్, ప్రాజెక్ట్ ఐడీ, రిపోజిటరీ, యాప్ పేరు ఉంటాయి, కోలన్ తర్వాత ట్యాగ్.

ట్యాగ్‌గా ‘లేటెస్ట్’ వాడకండి. గిట్ కమిట్ ఐడీలోని మొదటి ఏడు అక్షరాలు పెట్టండి. రాత్రిపూట ఏదో విరిగినప్పుడు, ఇప్పుడు నడుస్తున్నది ఏ కోడో వెంటనే తెలియాలి.

డేటాబేస్, రహస్యాలు

క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాన్స్ పెట్టుకున్నాక ముందు యాప్‌కోసం ప్రత్యేకంగా ఒక సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక యాప్‌కు ఇచ్చే ఖాతా) సృష్టించండి. డేటాబేస్, రహస్యాల కోసం దానికి రెండే పాత్రలు చాలు: క్లౌడ్ ఎస్‌క్యూఎల్ క్లయింట్, సీక్రెట్ మేనేజర్ సీక్రెట్ యాక్సెసర్. ఏదీ చెప్పకపోతే యాప్ డిఫాల్ట్ కంప్యూట్ అకౌంట్‌తో నడుస్తుంది, చాలా ప్రాజెక్టుల్లో దానికి అవసరానికి మించిన అధికారాలుంటాయి.

డేటాబేస్ పాస్‌వర్డ్, ఫ్లాస్క్ సీక్రెట్ కీ రెండూ సీక్రెట్ మేనేజర్‌లో పెట్టండి. ఎకో కమాండ్‌తో పంపితే చివర కనబడని కొత్త లైన్ చేరుతుంది, పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా సరిగ్గానే ఉన్నట్టు కనిపించినా పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఎకో హైఫన్-ఎన్ లేదా ప్రింట్ఎఫ్ వాడండి. వేరియబుల్‌గా ఇచ్చిన సీక్రెట్‌ను ఇన్‌స్టాన్స్ మొదలైనప్పుడు ఒక్కసారే చదువుతుంది. ‘లేటెస్ట్’ అని పెట్టి పాస్‌వర్డ్ మారిస్తే పాత ఇన్‌స్టాన్స్‌లు పాతదానితో, కొత్తవి కొత్తదానితో నడుస్తూ కొందరికే ఎర్రర్ వస్తుంది, పట్టుకోవడం కష్టం. వెర్షన్ నంబర్ స్పష్టంగా ఇచ్చి, మార్చినప్పుడు మళ్లీ డిప్లాయ్ చేయండి.

కనెక్షన్‌కు ఐపీ అడ్రస్ అక్కర్లేదు. డిప్లాయ్ సమయంలో క్లౌడ్ ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాన్స్‌ను జతచేస్తే /క్లౌడ్‌ఎస్‌క్యూఎల్/ కింద ప్రాజెక్ట్:రీజియన్:ఇన్‌స్టాన్స్ పేరుతో సాకెట్ ప్రత్యక్షమవుతుంది, హోస్ట్‌గా దాన్నే ఇవ్వండి. డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లైబ్రరీ వాడుతుంటే పూల్-ప్రీ-పింగ్‌ను ట్రూ చేయండి. ఖాళీగా ఉండి తెగిపోయిన కనెక్షన్‌ను అది ముందే కనిపెట్టి కొత్తది తెస్తుంది.

కనెక్షన్ల లెక్క కాగితం మీద ఒకసారి వేసుకోవాలి. ఒక ఇన్‌స్టాన్స్‌లో 8 థ్రెడ్లు, అంటే గరిష్ఠంగా 8 కనెక్షన్లు. పది ఇన్‌స్టాన్స్‌లైతే 80. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను ఒప్పుకునేది 100 (క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో ఇది మెషీన్ మెమరీని బట్టి మారుతుంది). సరిపోయినట్టే ఉంది. కానీ కొత్త వెర్షన్ వేస్తున్నప్పుడు కాసేపు పాత ఇన్‌స్టాన్స్‌లు, కొత్తవి కలిసి ఉంటాయి. అప్పుడు 160. రద్దీ వేళ డిప్లాయ్ చేస్తేనే కనెక్షన్లు నిండిపోయాయన్న ఎర్రర్ రావడం వెనక రహస్యం ఇదే. మన ట్యూషన్ సెంటర్‌కు గరిష్ఠం 4 ఇన్‌స్టాన్స్‌లు ధారాళంగా చాలు.

డిప్లాయ్

జీక్లౌడ్ రన్ డిప్లాయ్ కమాండ్‌కు సర్వీస్ పేరు, ఇమేజ్, రీజియన్, సర్వీస్ అకౌంట్, సీక్రెట్లు, క్లౌడ్ ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాన్స్ ఇచ్చాక ఈ విలువలు కలపండి: మెమరీ 1 జీఐ, సీపీయూ 1, కాంకరెన్సీ 8, మ్యాక్స్-ఇన్‌స్టాన్సెస్ 4, టైమ్‌అవుట్ 60, అలౌ-అన్ఆథెంటికేటెడ్ (గూగుల్ ఖాతా అడగకుండా అందరినీ రానివ్వడం).

కాంకరెన్సీ అంటే ఒక ఇన్‌స్టాన్స్‌కు ఒకేసారి ఎన్ని రిక్వెస్ట్‌లు పంపాలో చెప్పే అంకె. జీక్లౌడ్‌తో ఏమీ ఇవ్వకపోతే 1 సీపీయూకు అది 80. మీ గూనికార్న్‌లో ఉన్నవి 8 థ్రెడ్లే. 80 వదిలేస్తే మిగతా 72 లోపల క్యూలో నిలబడతాయి. అంతా బాగానే ఉందనుకుని క్లౌడ్ రన్ కొత్త ఇన్‌స్టాన్స్‌ను తెరవడంలో ఆలస్యం చేయవచ్చు. అందుకే థ్రెడ్లకు సమానంగా పెట్టమంటున్నాం.

మిన్-ఇన్‌స్టాన్సెస్ మొదట 0 ఉంచండి. చాలాసేపు ఎవరూ రాని తర్వాత వచ్చిన తొలి మనిషి కొన్ని సెకన్లు ఆగాలి, అది భరించలేనిదైతేనే 1 చేయండి. ఆ ఒక్కటి రాత్రింబవళ్లు బిల్లులో కనబడుతుంది. ఇక డేటాబేస్ ఎప్పుడూ నిద్రపోదు, యాప్ సున్నాకు దిగినా క్లౌడ్ ఎస్‌క్యూఎల్ మీటరు తిరుగుతూనే ఉంటుంది. చిన్న యాప్‌లలో బిల్లు భారమంతా దాదాపు అక్కడే.

విరిగినప్పుడు ఎక్కడ చూడాలి

‘కంటైనర్ పోర్ట్‌లో వినడం మొదలుపెట్టలేదు’ అనే అర్థం వచ్చే సందేశం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అది పోర్ట్ గురించి మాట్లాడుతుంది కానీ, చాలాసార్లు అసలు కారణం యాప్ అంతకు ముందే క్రాష్ కావడం: ఒక లైబ్రరీ రిక్వైర్‌మెంట్స్‌లో లేకపోవడం, సీక్రెట్ చదివే అనుమతి లేకపోవడం, మొదట్లోనే డేటాబేస్‌కు కనెక్ట్ కాబోయి విఫలం కావడం. ఆ రివిజన్ (ఒక్కో డిప్లాయ్‌తో పుట్టే వెర్షన్) లాగ్‌లలో పైథాన్ ట్రేస్‌బ్యాక్, అంటే ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే లైన్లు, వెతకండి. ట్రేస్‌బ్యాకే లేకపోతే అప్పుడు పోర్ట్‌ను, ఆర్మ్ ఇమేజ్‌ను అనుమానించండి.

403 వస్తే అది మీ ఫ్లాస్క్ ఇచ్చింది కాకపోవచ్చు. అలౌ-అన్ఆథెంటికేటెడ్ పడలేదేమో చూడండి. కంపెనీ ఖాతాల్లో సంస్థ విధానమే దాన్ని అడ్డుకోవచ్చు. 503తో పాటు లాగ్‌లో మెమరీ పరిమితి దాటిందన్న లైన్ ఉంటే మెమరీ పెంచండి, లేదా తుడవని టెంప్ ఫైళ్లను వెతకండి. 504 అంటే టైమ్‌అవుట్. 429 అంటే ఇన్‌స్టాన్స్‌ల పరిమితి నిండిపోయి రిక్వెస్ట్‌కు చోటు దొరకలేదు, పరిమితి పెంచేముందు పైనున్న కనెక్షన్ల లెక్క మళ్లీ వేయండి.

తర్వాతి వెర్షన్లు

డేటాబేస్ మైగ్రేషన్లను (టేబుళ్ల రూపాన్ని మార్చే పనులను) యాప్ మొదలయ్యే చోట పెట్టకండి. రెండు ఇన్‌స్టాన్స్‌లు ఒకేసారి లేస్తే రెండూ అదే టేబుల్‌ను మార్చబోతాయి. అదే ఇమేజ్‌తో క్లౌడ్ రన్ జాబ్ ఒకటి కట్టి, డిప్లాయ్‌కు ముందు దాన్ని ఒకసారి నడపండి. కొత్త కాలమ్‌ను ఖాళీగా ఉండగలిగేలా చేర్చండి. పాత కాలమ్‌ను అదే విడతలో తీసేయకండి, పాత కోడ్ ఇంకా దాన్ని చదువుతూ ఉంటుంది. తర్వాతి విడతలో తీయండి.

కొత్త రివిజన్‌ను నో-ట్రాఫిక్ ఆప్షన్‌తో, ఒక ట్యాగ్ ఇచ్చి వేయండి. దానికి విడిగా ఒక యూఆర్ఎల్ వస్తుంది, వాడుకరులకు తెలియకుండా లాగిన్, ఫీజు నమోదు, తెలుగు రసీదు మూడూ అక్కడ పరీక్షించవచ్చు. అది నడిచేది అసలు డేటాబేస్ మీదే అని మాత్రం మరవకండి. బాగుంటే జీక్లౌడ్ రన్ సర్వీసెస్ అప్‌డేట్-ట్రాఫిక్‌తో ముందు 10 శాతం, లాగ్‌లు నిమ్మళంగా ఉంటే 100 శాతం మళ్లించండి. ఏదైనా తేడా వస్తే అదే కమాండ్‌కు పాత రివిజన్ పేరు ఇచ్చి 100 శాతం అంటే చాలు, మళ్లీ బిల్డ్ చేయకుండానే క్షణాల్లో పాత వెర్షన్ వెనక్కి వస్తుంది. అలా చేశాక ట్రాఫిక్ ఆ రివిజన్‌కే కట్టేసి ఉంటుంది. సరిచేసి మళ్లీ డిప్లాయ్ చేసినా కొత్తది కనబడక తికమకపడతారు, అప్పుడు టు-లేటెస్ట్ ఆప్షన్‌తో విడిపించండి.

పాత ఇమేజ్‌లు రిజిస్ట్రీలో పేరుకుంటాయి, వాటికీ నిల్వ ఖర్చు ఉంది. ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీలో క్లీనప్ పాలసీ పెట్టి చివరి పది వెర్షన్లు ఉంచి మిగతావి తుడవమనండి. మొదట డ్రై రన్‌లో నడిపి ఏవి తుడవబోతోందో లాగ్‌లో చూసుకుని, ఆ తర్వాతే నిజంగా ఆన్ చేయండి.